కాలని ఇటుక

నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాను. మా అమ్మ పోయేటప్పటికి నాకు ఏడేళ్లు, నా కింద ఇద్దరు. ఇల్లు చూసుకోవడానికి నేనే మిగిలాను. మా నాన్న క్రైస్తవ సంఘంలో ఉపదేశి. సాయంత్రం నేను వంట చేస్తుంటే పొయ్యి పక్కనే పీట వేసుకుని కూర్చుని, ఆదివారం చెప్పబోయే ప్రసంగం నాతో రాయించేవాడు. తప్పు రాస్తే కొట్టేవాడు కాదు, ఆ మాట పదిసార్లు పైకి పలికించేవాడు. నాకొచ్చిన తెలుగంతా ఆ పొయ్యి ముందు వచ్చిందే. అదే నాకు ఉద్యోగం ఇచ్చింది, ఇన్నేళ్లు అన్నం పెట్టింది. ఆ మేలు తలుచుకోకుండా ఏ పూటా ప్రార్థన ముగించను.

ఆ తెలుగే ఒక మనిషి చావుకూ, ఇంకొక మనిషి పేరు చెడడానికీ కారణమైంది. ఇళ్లు కట్టే పనుల్లోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తారు. పాతకాలంలో ఎలా చేసేవారని అడుగుతారు. సిమెంటు దొరకని సంగతీ, పర్మిట్ల కోసం తిరిగిన సంగతీ చెప్పి నవ్విస్తాను గానీ ఇది మాత్రం ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

ఎమర్జెన్సీ రోజులు. మా ఆఫీసు విజయవాడ వన్ టౌన్‌లో, ఒక మిరపకాయల గోడౌను మీద రెండు గదులు. తుఫాన్లకీ అగ్నిప్రమాదాలకీ ఇళ్లు పోయినవాళ్లకు మళ్లీ ఇళ్లు కట్టించే చిన్న ధర్మసంస్థ అది. కింద బస్తాలు దించినప్పుడల్లా పైన మేమందరం దగ్గేవాళ్లం. కొత్తగా వచ్చినవాళ్లకు కళ్లనీళ్లు కారితే, ఇంకా పని మొదలుపెట్టకముందే ఏడుస్తున్నారేమండీ అని వేళాకోళం చేసేవాళ్లం. నా పని ఉత్తరాలు రాయడం. ఇంజనీరుగారు సగం ఇంగ్లీషులో సగం తెలుగులో చెబుతూ ఉంటే, ఇటుక బట్టీల వాళ్లకీ మేస్త్రీలకీ అర్థమయ్యేటట్టు తెలుగులో పెట్టాలి. ఆయన అప్పటికే సర్కారు కొలువులో రిటైరై, ఊరకే కూర్చోలేక మా దగ్గరికి వచ్చిన మనిషి. కోపం ఎక్కువ, కల్మషం లేదు.

ఆ ఏడు ఎండాకాలంలో బందరు కాలువ దిగువన ఒక ఊళ్లో పేట మొత్తం తగలబడింది. తాటాకు ఇళ్లు, చూరుకు చూరు తగిలి ఉంటాయి. పడమటి గాలికి ఒక కొసన అంటుకున్న నిప్పు రెండో కొసదాకా ఆగలేదు. మనుషులు చేలల్లో ఉన్నారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. ఇంజనీరుగారితో పాటు నేనూ వెళ్లాను, పేర్లు రాసుకోవడానికి. బూడిదలో ఇత్తడి బిందె ఒకటి వంగిపోయి ఉంది. దాని పక్కన ఒకావిడ గొంతుకూర్చుని, మిగిలిన ఎండుచేపలు ఏరుకుంటోంది. ఊరూరూ తిరిగి ఎండుచేపలు అమ్ముకునే మనిషి. పెళ్లీడు కూతురు ఒకతే ఆమెకు తోడు.

"ఎన్ని ఇళ్లు కాలిపోయాయమ్మా ఈ వరసలో?" అని అడిగాను.

ఆమె చెయ్యి ఆపి నా మొహంలోకి చూసింది.

"ఆ మాట అనమాకమ్మా. నీకు దణ్ణం పెడతా."

"ఏ మాట?"

"అదే, ఇందాక నువ్వన్నది. మా పేటలో ఇప్పుడెవరం అనట్లా. పోయినయ్యి అంటన్నాం. ఆ మాట చెవినబడితే నా బిడ్డకి రేత్రి నిద్దర పట్టట్లా."

నిజమే. తరవాత గమనించాను. ఆ పేటలో ఎవరూ బీడీ కాల్చరు, తాగుతారు. చేపను కాల్చరు, నిప్పుల మీద పెడతారు. ఆ ఒక్క మాటను అందరూ కలిసి ఊళ్లోంచి వెళ్లగొట్టారు. వాళ్ల దుఃఖంలోని ఆ మర్యాద నాకు చాలా గొప్పగా తోచింది. బస్సులో తిరిగివస్తూ, ఇక నేనూ ఆ మాట వాడనని మనసులో అనుకున్నాను.

పెంకుటిళ్లు కట్టించే స్తోమత మాకు లేదు. కప్పు మళ్లీ తాటాకే. అందుకని ఇంజనీరుగారు ఒక ఉపాయం చేశారు. ప్రతి రెండిళ్ల మధ్యా ఒక అడ్డుగోడ, కప్పు కన్నా రెండు మూరలు పైకి. ఒక ఇల్లు అంటుకున్నా గోడ దాటి నిప్పు పక్కింటికి పోకూడదు. ఆ గోడ దేనితో కట్టాలన్నదే ప్రశ్న. మా సంస్థ కమిటీలో ఒకాయన నాపరాయి అన్నారు, ఇంకొకాయన సిమెంటు దిమ్మలు అన్నారు. రాయి కన్నా గట్టిదేముందండీ అని మొదటాయన వాదన.

"చూద్దాం," అన్నారు ఇంజనీరుగారు.

ఆఫీసు వెనక పెరట్లో ఊక పోసి పెద్ద మంట వేయించి, అన్నిటి ముక్కలూ, వాటితోపాటు ఒక నాటు ఇటుకా అందులో పెట్టించారు. ఏది ఎప్పుడు ఏమైందో రాసుకోవడం నా పని. కాసేపటికి నాపరాయి టపీమని పేలింది. దాని పెచ్చు ఎగిరివచ్చి నా చీర కుచ్చెళ్ల దగ్గర పడితే, రాయి గట్టిదన్న కమిటీ ఆయన స్తంభం చాటుకు వెళ్లి నిలబడ్డారు. మిగిలినవాటిని ఎర్రగా ఉండగానే బయటికి లాగించి మీద బిందెలతో నీళ్లు పోయించారు ఇంజనీరుగారు. సిమెంటు దిమ్మ బీటలిచ్చింది. నిండుగా కాలిన నాటు ఇటుక మాత్రం బుస్సుమని, ఆవిరి వదిలి, అట్లాగే ఉండిపోయింది. ఆయన దాన్ని చల్లారనిచ్చి, ఇంకో ఇటుకతో కొట్టి నా చెవి దగ్గర పెట్టారు. గుడి గంటలాగా ఖంగుమంది.

"విన్నావా? ఒకసారి బట్టీలో నిప్పును భరించింది కాబట్టి ఇప్పుడూ భరించింది. మంట ఒక్కటే కాదమ్మా, మంట ఆర్పడానికి పోసే నీళ్లకు కూడా గోడ నిలబడాలి. బట్టీ వాడికి ఉత్తరం రాయి. ఫైర్ రెసిస్టెంట్ బ్రిక్స్ ఓన్లీ. బాగా కాలినవి, మోగేవి. తెలుగులో చక్కగా పెట్టు."

చక్కగానే పెట్టాలనుకున్నాను. మొదట 'బాగా కాలిన, మోగే ఇటుక' అని రాశాను. రాసి చూసుకుంటే, ఎండుచేపలామె మొహం కళ్లముందు నిలబడింది. ఆ ఉత్తరం రేపు పని జరిగేచోటికి వెళుతుంది, పేటలో ఎవరో ఒకరు పైకి చదువుతారు, ఆ ఇళ్ల గోడల గురించి 'కాలిన' అని రాయడమా అనిపించింది. 'మోగే' అన్నది కూడా ఆఫీసు ఉత్తరంలో అంత హుందాగా కనబడలేదు. రెండూ కొట్టేశాను. మంటకు కాలనిది అని కదా ఇంజనీరుగారి ఉద్దేశం. 'అడ్డుగోడలకు కాలని ఇటుకను మాత్రమే పంపవలెను' అని ఒకే వాక్యంగా రాశాను. నా రాత నాకే ముచ్చటేసింది. ఇంజనీరుగారు అటూ ఇటూ చూసి, గుడ్ అని సంతకం పెట్టారు.

మళ్లీ ఒకసారి ఆ వాక్యం చదవండి. నాకు అందులో ఒకటే అర్థం కనబడింది: నిప్పు తగిలినా కాలిపోనిది. బట్టీలో పుట్టి పెరిగినవాళ్లకూ ఒకటే అర్థం వినబడుతుంది: బట్టీలో సరిగా కాలకుండా మిగిలిపోయినది. బట్టీ అంచు వరసల్లో నిప్పు చాలక పచ్చిపచ్చిగా దిగే ఇటుకకు వాళ్ల వాడుకలో పేరే కాలని ఇటుక. పందుల దొడ్లకీ పేడకుప్పల చుట్టూ కట్టే అడుగెత్తు గోడలకీ తప్ప ఎవరూ కొనరు. ఇవన్నీ నాకు అప్పుడు తెలియవు.

వానలు వెనకబట్టాక పని మొదలైంది. ఒకరోజు మధ్యాహ్నం, ఆ పని చేయిస్తున్న తాపీ మేస్త్రీ దగ్గుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. కొండపల్లి మనిషి, మా నాన్న ఈడు. తువ్వాల్లో ఏదో చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"ఇంజనీరుగారు లేరామ్మా?"

"మద్రాసు వెళ్లారు మేస్త్రీగారూ. నాలుగు రోజులదాకా రారు. నాతో చెప్పండి."

"చెప్పడానికేముందమ్మా, చూడాల్సిందే." తువ్వాలు విప్పి ఒక ఇటుక నా బల్లమీద పెట్టాడు. తాపీ పిడితో దానిమీద కొట్టాడు. మట్టిముద్దమీద కొట్టినట్టు చప్పుడు చచ్చిపోయింది. "మోగట్లా."

"బల్ల మీద పొడి రాలుతోంది మేస్త్రీగారూ, కాగితాలున్నాయి," అన్నాను.

"అదేనమ్మా నేజెప్పేది. ఇది కాలని ఇటుక."

నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. నా మాట అంత దూరం వెళ్లి, బట్టీ వాడికి అర్థమై, మేస్త్రీ నోట్లోంచి తిరిగివచ్చింది.

"అవును, కాలనిదే! అదే కావాలన్నాం."

ఆయన రాలిన పొడిని వేలితో అద్ది చూశాడు.

"కాలనిదే కావాలన్నారా?"

"కాలనిదే. మేం ఊరికే రాశామనుకున్నారా? పెరట్లో మంట వేసి, ఏది కాలిందో ఏది కాలలేదో చూసి మరీ రాశాం."

"మరి, కట్టేముందు నానబెట్టడానికి నీళ్లలో ముంచుతుంటే రంగు దిగుతా ఉందమ్మా..."

"నీళ్లు కూడా పోసి చూశాం."

"కాగితంలో అట్టాగే ఉందా?"

ఫైలు తీసి, ఉత్తరం నకలు మీద వేలు పెట్టి చదివి వినిపించాను. ఆయనకు చదువు రాదు. అక్షరాల వంక కాక నా వేలి వంక చూశాడు.

"మాత్రమే అని కూడా ఉందా?"

"ఉంది."

"అయితే ఇంకేముందిలే. చదూకున్నోళ్లు పరీక్ష చేసి చెప్పాక మాబోటోళ్లం అడ్డం చెప్పేదేముంది." ఇటుకను మళ్లీ తువ్వాల్లో చుట్టుకున్నాడు. "నీళ్లలో ముంచకుండా పొడిగానే కట్టి, పైన సున్నం దిట్టంగా పూస్తాంలెండి. ఏదో కొత్త పద్ధతి అయ్యుంటది."

ఆయన వెళ్లాక బల్లమీద రాలిన ఎర్రపొడి గుడ్డతో తుడిచాను. పరీక్షనాడు నా చెవి దగ్గర మోగిన ఇటుక చప్పుడు నాకు గుర్తుంది. ఇది మోగలేదని నా చెవులతో విన్నాను. దాన్ని చేత్తో ఎత్తి చూడటానికి నిమిషం పట్టదు. నా వాక్యం నెగ్గిందన్న సంబరంలో నేనసలు ఇటుకను చూడనే లేదు. ఇంజనీరుగారు మద్రాసు నుంచి రావడం ఆలస్యమై, పని చూడటానికి వెళ్లేటప్పటికి గోడలన్నీ తెల్లటి సున్నం పూతతో మెరిసిపోతున్నాయి.

ఇళ్లు అప్పగించిన నాడు ఎండుచేపలామె నన్ను చెయ్యిపట్టుకుని తన ఇంటికి తీసుకువెళ్లింది. వరసలో మొదటి ఇంటి పక్కదే. అడ్డుగోడను అరచేత్తో తడిమి, "ఇంక నా బిడ్డ నిద్దరపోద్దమ్మా" అంది. దేవునికి స్తోత్రం చెప్పుకుంటూ ఇంటికి వచ్చాను.

ఎండలు ముదరకముందే, ఒక మిట్టమధ్యాహ్నం, మొదటి ఇంట్లో పొయ్యిలోంచి నిప్పురవ్వ లేచి కప్పుకు అంటుకుంది. నేను అక్కడ లేను. కబురు తెలిసి మర్నాడు వెళ్లాను. ఏం జరిగిందో ఎండుచేపలామె కూతురే చెప్పింది, ఏడవకుండా, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

"ఆ ఇంటి కప్పంతా పోయిందండి. మంట గోడ దాకా వచ్చి ఆగిపోయింది. ఆగింది ఆగిందని అందరూ అరిచారు. మా అమ్మయితే చప్పట్లు కొట్టింది. గోడ సెగకి మా తాటాకు పొగ లేస్తుంటే, కాలవ నుంచి బిందెలు అందించుకుంటా గోడ మీద పోశాం. అమ్మ అన్నిటికన్నా ముందు నిలబడింది. నువ్వెనక్కి రావే అంటే, నా గోడే కదే, నన్నేం చేస్తదే అంది. సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడింది. అంతే. గోడ విరగలేదండి, జారింది. ముద్దలాగా జారి మీద పడిపోయింది."

ఆమెను బయటికి లాగేటప్పటికే ప్రాణం లేదట.

గోడ ఉన్నచోట ఎర్రటి బురద కుప్ప. వంగి ఒక ముక్క తీసుకున్నాను. నా చేతి చెమటకే మెత్తబడి వేళ్లకు అంటుకుంది. పక్కన నిలబడ్డ పొరుగూరి ముసలాయన, ఒకప్పుడు బట్టీ కూలీ అట, ఇంకెవరితోనో అంటున్నాడు:

"కాలని ఇటుకతో గోడ కడితే ఏమవుద్దిరా మరి? నీళ్లు పడితే మట్టి మట్టే అవుద్ది."

ఆ మాటకు ఉన్న రెండో అర్థం నాకు మొట్టమొదట వినబడింది అప్పుడు, అక్కడ.

కమిటీ విచారణ పెట్టేదాకా నేను ఎవరికీ చెప్పలేదు. ఆ రోజుల్లో నా ప్రార్థన కూడా ఆ మాట చుట్టూ తిరిగి, దాని మీద కాలు పెట్టకుండా వెనక్కి వచ్చేసేది. ఈలోగా మేస్త్రీ చవక ఇటుక వాడి మనిషిని చంపాడని పేటలో అనుకోవడం, పేటలో అన్నది విజయవాడలో పాకడం, ఆయన కట్టే ఇంకో ఇంటివాళ్లు పని ఆపేయడం, అన్నీ జరిగిపోయాయి.

విచారణ మా ఆఫీసుకు దగ్గర్లో ఒక హాల్లో జరిగింది. ముందు కుర్చీల్లో కమిటీవారు, ఇంజనీరుగారు, బట్టీ యజమాని. వెనక బెంచీల మీద తాపీ పనివాళ్లు, పేటవాళ్లు, తల్లి పోయిన ఆ పిల్ల. మేస్త్రీ మధ్యలో నిలబడ్డాడు. కమిటీ పెద్ద ఒక రిటైరైన తెలుగు హెడ్మాస్టరుగారు.

బట్టీ యజమానిని అడిగితే, "మేస్త్రీ దగ్గరుండి బండ్లకెత్తించుకున్నాడండి. ఆయన వద్దంటే తిప్పి తెచ్చుకునేవాణ్ణి," అన్నాడు. మా ఉత్తరం ఏదని అడిగితే ఎక్కడో పోయిందన్నాడు. అమాయకంగా అన్నాడో, తెలివిగా అన్నాడో, ఇవాల్టికీ నాకు తెలియదు.

"ఆ ఇటుక మోగదని నీకు తెలియలేదా?" అని మేస్త్రీని అడిగారు పెద్దాయన.

"తెలుసండి."

"తెలిసీ కట్టావా?"

మేస్త్రీ ఒక్కసారి నా వంక చూశాడు. వెంటనే తల దించుకున్నాడు.

"పొరపాటైందండి."

నేను వెంటనే లేచి నిలబడ్డానని రాయాలని ఉంది. లేవలేదు. టీలు వచ్చాయి, అందరూ తాగారు, నేనూ తాగాను. గ్లాసు కింద పెట్టాక, ఎట్లాగో మరి, కాళ్లు వాటంతటవే ఆఫీసు మెట్లెక్కాయి. ఫైలు తెచ్చాను.

"అయ్యా, తప్పు ఈ ఉత్తరంలో ఉంది," అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. గట్టిగా చదవమన్నారు. చదివాను.

"అడ్డుగోడలకు కాలని ఇటుకను మాత్రమే పంపవలెను."

వెనక బెంచీల్లో ఒక్కసారిగా గుసగుస లేచింది. ఎవరో, "ఓరి దేవుడా, కాగితంలోనే కాలనిది అని ఉందిరా!" అన్నారు. వాళ్లకు అర్థమైపోయింది. నాకు ఊపిరి వచ్చింది.

ముందు కుర్చీల్లో మాత్రం అందరూ తలలాడించారు.

"ఇందులో తప్పేముందమ్మా?" అన్నారు హెడ్మాస్టరుగారు. ఉత్తరం తీసుకుని కళ్లజోడు సవరించుకున్నారు. "కాలని, అంటే కాలే స్వభావం లేని. వ్యతిరేకార్థక విశేషణం. నిర్దుష్టంగా ఉంది. మా బడిలో చదివినవాళ్లలో ఇంత శుభ్రంగా రాసేవాళ్లు తక్కువ." మేస్త్రీ వైపు తిరిగారు. "చూశావా? నిప్పుకు కాలని ఇటుకే కావాలని ఇంత స్పష్టంగా రాశారు కదయ్యా! నువ్వు కట్టిందేమిటి?"

"కాదండీ, బట్టీల్లో ఆ మాటకు..." అని నేను మొదలుపెట్టాను.

"కూర్చోమ్మా. నీది జాలిగుండె, తెలుసు. పెద్దవాడి మీద అభిమానంతో నీ నెత్తిన వేసుకుంటున్నావు."

"జాలి కాదండీ, ఆయన నాకు ఇటుక తెచ్చి చూపించాడు. నేనే..."

"కూర్చో."

వెనక బెంచీలోంచి ముసలి బట్టీ కూలీ లేచి, "అమ్మగారు చెప్పేది నిజమేనండి, మా వాడుకలో..." అనబోతే, నిన్నడగలేదు అన్నారు. ఇంజనీరుగారు ఉత్తరాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. మడిచి ఫైల్లో పెట్టారు. నా ఒప్పుకోలు మేస్త్రీని కాపాడకపోగా ఆయన మీద సాక్ష్యమైంది. ఇకమీదట ఆ మేస్త్రీకి మా సంస్థ పని ఇవ్వదని తీర్మానం రాశారు. ఆ తీర్మానం నా చేతే రాయించారు.

అడ్డుగోడలన్నీ పడగొట్టించి వేరే మేస్త్రీతో మళ్లీ కట్టించారు. ఈసారి ఉత్తరంలో 'బాగా కాలిన, మోగే ఇటుక' అని రాశాను. పోస్టులో వెయ్యకముందు కిందకు దిగి, గోడౌను దగ్గర నిలబడ్డ బండివాళ్లకు చదివి వినిపించి, మీకేం అర్థమైందో చెప్పండన్నాను. ఆ తరవాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏ ఉత్తరమూ అట్లా వినిపించకుండా పంపలేదు. ఇదేం చాదస్తమమ్మా అని నవ్వేవాళ్లు, నవ్వుతూనే వినిపెట్టేవాళ్లు. వాళ్లందరికీ నేను కృతజ్ఞురాలిని.

విచారణ అయిన సాయంత్రం ఇంజనీరుగారికి అంతా విడమరిచి చెప్పాను. ఆయన ఉత్తరం నకలు మళ్లీ ఒకసారి చదివి, "సంతకం నాది. నేను రాసిస్తానమ్మా," అన్నారు. రాయడానికి రెండేళ్లు పట్టింది. రాయకుండా పోయినవాళ్లను చాలామందిని చూశాను కాబట్టి, ఆలస్యమైనా రాసినందుకు ఆయనకు దణ్ణం పెట్టుకుంటాను. మా ఆఫీసు వదిలి వెళ్లేరోజు ఆ కాగితం నా చేతికిచ్చారు. మర్నాడే పాసింజరు బండిలో కొండపల్లి వెళ్లాను.

మేస్త్రీ వాకిట్లో చాప మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ రంగు వేయని కొయ్య ఏనుగులు. బొమ్మలు చేసేవాళ్ల దగ్గర్నుంచి తెచ్చుకుని, వాటి అతుకుల మీద చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కు రాస్తున్నాడు. తాపీ పట్టిన చెయ్యి, ఏనుగు చెవి కింద చిటికెనవేలితో నున్నగా చేస్తోంది. ఆయన భార్య గడపలో నిలబడింది.

"ఎవరూ?"

"ఆఫీసులో ఉత్తరాలు రాసే అమ్మే," అన్నాడాయన.

"ఇంకా ఏం రాద్దామనొచ్చింది?"

"ఊరుకోవే. మజ్జిగ తీసుకురా."

ఆమె మజ్జిగ తెచ్చింది. గ్లాసు నా చేతికివ్వకుండా పక్కన పెట్టింది. అయినా తేవడమైతే తెచ్చింది. ఆ ఎండలో ఆ మజ్జిగను నేను మరిచిపోలేదు.

"ఆ రోజు నన్ను చూసి కూడా ఎందుకు చెప్పలేదు మేస్త్రీగారూ? ఇటుక తెచ్చి చూపించానని ఒక్క మాటంటే సరిపోయేది కదా."

"ఆ పిల్ల ఎదురుగా కూర్చునుందమ్మా. గోడ కట్టిన చేతులు నాయి. మోగదని నా చెవికి తెలుసు. తెలిసినా కాగితానికి భయపడ్డా. ఏ మొహం పెట్టుకుని, ఆ అమ్మ చెప్పిందంటా?"

నేను ఇంజనీరుగారి ఉత్తరం తీసి చదివాను. 'ఇటుక ఎంపికలో సంభవించిన లోపమునకు కార్యాలయమే పూర్తి బాధ్యత వహించుచున్నది.' ఆయన చెయ్యి ఎత్తి ఆపమన్నాడు.

"అంటే?"

"తప్పు ఆఫీసుది అని."

"ఆఫీసంటే ఎవరంట?" అంది ఆయన భార్య. "కింద మిరపకాయల గోడౌనా?"

సంచీలోంచి కలం తీశాను. ఇంజనీరుగారి సంతకం కింద ఉన్న ఖాళీలో రెండే మాటలు రాసి, నా పేరు పెట్టాను.

"ఏం రాశారు?" అన్నాడు మేస్త్రీ.

"తప్పు నాది."

"ఇంకోసారి చదవండి."

"తప్పు నాది."

ఆయన భార్య వైపు చూశాడు. "ఇది ఇంకో రకంగా ఏమన్నా వినబడతందా?"

ఆమె ఒక క్షణం ఆలోచించి, లేదన్నట్టు తలాడించింది. మజ్జిగ గ్లాసు తీసి నా చేతికిచ్చింది.

కాగితం మడిచి ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. "మాకెందుకమ్మా? మా వాళ్లందరికీ ఆ రోజే తెలిసింది. తెలియాల్సింది ముందు కుర్చీల్లో వాళ్లకి. అది చదివేవాళ్ల దగ్గర ఉండాలి. మీరే ఉంచండి." మళ్లీ ఏనుగు మీదకు వంగాడు.

ముందు కుర్చీలవాళ్లకు తీసుకెళ్లి చూపించాను. పాత సంగతి ఇప్పుడెందుకమ్మా అన్నారు. ఆయనకు మళ్లీ ఎవరూ గోడ కట్టే పని ఇవ్వలేదు. ఆయన పోయాడన్న కబురు కూడా నాకు ఆలస్యంగా తెలిసింది. కాగితం నా దగ్గరే ఉండిపోయింది.

అందుకని ఇక్కడ రాశాను. ఇది చదవగలిగారంటే మీరూ ముందు కుర్చీల్లోవాళ్లే. మీ పక్కన చదువు రానివాళ్లు ఎవరైనా ఉంటే, ఈ చివరి నాలుగు ముక్కలూ వాళ్లకు వినబడేటట్టు చదవండి. తప్పు నాది. ఆ ఇటుక మోగడం లేదని మేస్త్రీ ముందే చెప్పాడు. నా బల్ల మీద పెట్టి, నా ఎదురుగానే కొట్టి చూపించాడు. నేను వినలేదు.